లైనక్స్ పెట్టె, రెండు బటన్లు

నా భార్య పదకొండో మాసికం రోజున టీవీ బల్ల జరపడానికి నేనే ప్లగ్గు పీకాను. ఆ తర్వాతి గందరగోళమంతా అక్కడ మొదలైంది.

సూర్యాపేటలో మా ఇల్లు చిన్నది. పంతులు గారు కూర్చోవడానికి, విస్తళ్లు వేయడానికి హాలు ఒక్కటే ఉంది. అంతకుముందు పది నెలలూ బల్ల కదల్చకుండానే సర్దుకున్నాం. ఆ రోజు మిర్యాలగూడ నుంచి నా బావమరిది తన కుటుంబంతో రావడంతో చోటు చాలలేదు. బల్ల మీద టీవీ, బల్ల కింద నా భార్య కంప్యూటర్. రెండింటికీ ఒకే ప్లగ్గు.

ఆ కంప్యూటర్ గురించి కొంచెం చెప్పాలి. నా భార్య కోదాడలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లి వచ్చేది. కాలేజీ వాళ్లు పాత మెషీన్లు తీసేసినప్పుడు ఒకటి కొనుక్కుని తెచ్చింది. అందులో విండోస్ తీసేసి లైనక్స్ వేసింది. ఈ రెండింటికీ తేడా ఏమిటో నాకు చాలాసార్లు చెప్పింది. నా తలలో మిగిలింది ఇంతే: కంప్యూటర్‌ను నడిపే పద్ధతులు కొన్ని ఉన్నాయి, ఎక్కువమంది విండోస్ వాడతారు, లైనక్స్ వాడేవాళ్లు తక్కువ, లైనక్స్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.

లైనక్స్ మీద ఆమె మీడియా సెంటర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఇంట్లో ఉన్న సినిమాలు, పాటలు, ఫొటోలు, సొంతంగా తీసిన వీడియోలు అన్నీ టీవీ తెర మీద వరుసలుగా, బొమ్మలతో కనిపించేవి. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. అల్మారాలా ఉందన్నాను. "అంతకన్న మంచిగుంది. దుమ్ము దులిపే పని లేదు" అంది.

రిమోట్‌లో రెండు బటన్ల మీద గోళ్ల రంగుతో చుక్కలు పెట్టింది. ఎర్ర చుక్క నొక్కితే వరుసలు తెరుచుకుంటాయి, మళ్లీ నొక్కుతుంటే ఒక్కో బొమ్మ దగ్గరికి జరుగుతుంది. తెల్ల చుక్క నొక్కితే ఎంచుకున్నది ఆడుతుంది. నాకు తెలిసింది ఆ రెండే. ఆమె పోయాక నేను కంప్యూటర్‌ను ఒక్కసారి కూడా ఆపలేదు. ఇందులో భావుకత ఏమీ లేదు. ఎలా ఆపాలో నాకు తెలియదు. ఇన్వర్టర్ ఉండటం వల్ల కరెంటు పోయినా అది ఆగలేదు.

మాసికం అయ్యింది. చుట్టాలు భోంచేసి వెళ్లిపోయారు. నేను బల్ల మళ్లీ జరిపి ప్లగ్గు పెట్టాను. కంప్యూటర్ చాలాసేపు ఏదో చేసుకుంది. పదకొండు నెలలుగా ఆగి ఉన్న మార్పులన్నీ ఒకేసారి చేసుకుందని తర్వాత తెలిసింది. ఎర్ర చుక్క నొక్కాను. వరుసలు రాలేదు. నల్లని తెర మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు వచ్చాయి. ఈ సాఫ్ట్‌వేర్ ఈ సిస్టమ్ మీద ఇక నడవదని వాటి అర్థం. మళ్లీ నొక్కాను. అవే రెండు వాక్యాలు.

నాకు కావలసినవి సినిమాలు కావు. నా భార్యకు ఫొటో దిగడం ఇష్టం ఉండేది కాదు. ఆమె ఎప్పుడూ కెమెరాకు ఇవతలే ఉండేది. వాళ్ల నాన్నను రైస్ మిల్లులో, వాళ్ల అమ్మను వంటింట్లో, నన్ను పేపరు చదువుతుండగా తీసింది. ఆ వీడియోలలో ఆమె కనిపించదు. వెనక నుంచి ప్రశ్నలు అడుగుతూ వినిపిస్తుంది. ఆమె గొంతు ఉన్నది ఆ వీడియోలలోనే. అవి ఉన్నది కంప్యూటర్‌కు తగిలించిన ఒక్క డిస్క్‌లో. ఇంకెక్కడా లేవు.

ఫోన్‌లో వెతికి చదివాను. మీడియా సెంటర్ తయారుచేసేవాళ్లు లైనక్స్‌కు పని ఆపేస్తున్నామని ఎప్పుడో చెప్పేశారు. దాని కింద జనం పొడవుగా పోట్లాడుకున్నారు. వాడేవాళ్లు గుప్పెడుమంది, వాళ్ల కోసం ప్రతి మార్పునూ రెండుసార్లు చెయ్యాలా అని కొందరు అడిగారు. ఇంట్లో టీవీ కింద పడి ఉండే పాత కంప్యూటర్లకు లైనక్సే దిక్కు, దాన్నే వదిలేస్తే ఎలా అని కొందరు అడిగారు. మొదటివాళ్ల మాట చదివి నిజమే అనుకున్నాను. రెండోవాళ్ల మాట చదివి అదీ నిజమే అనుకున్నాను. మూడు రోజులు అలా చదివాను.

చదువుతుంటే నా ఉద్యోగం రోజుల సంగతి ఒకటి గుర్తొచ్చింది. మా గ్రంథాలయానికి ఒక ఉర్దూ దినపత్రిక వచ్చేది. చదివేది ఒకే ఒక్క ముసలాయన, దర్జీ పని మానేసినవాడు. ఖర్చు తగ్గించమని పైనుంచి కాగితం వస్తే చదివేవాళ్లు లేరని రాసి నేను ఆ పేపరు ఆపించాను. మర్నాడు ఆయన వచ్చి బల్లంతా వెతికాడు.

"సాబ్, అఖ్బార్ రాలే?"

"బంద్ చేసినం. చదివెటోళ్లు లేరు."

ఆయన ఎదురుగా నిలబడి ఉండగానే ఆ మాట అన్నాను. ఆయన "అచ్ఛా" అని, కూర్చుని తెలుగు పేపర్లో బొమ్మలు చూసి వెళ్లాడు. ఒక వారం వచ్చాడు. తర్వాత రాలేదు. ఇంట్లో చెబితే నా భార్య ఒకటే అంది: "ఒకాయనున్నడు గదా. లేరని ఎట్ల రాసిన్రు?"

ఆ మాట గుర్తుకు రాగానే ఈ తగవులో ఆమె ఎటు ఉండేదో నాకు తెలిసిపోయిందనుకున్నాను. ఒక తెల్ల కాగితం తీసుకుని సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఉత్తరం మొదలుపెట్టాను. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుందామని. "నా భార్య తరఫున రాస్తున్నాను" అన్నది మొదటి వాక్యం. లైనక్స్‌ను వదలొద్దని, వాడే ఒక్కరైనా లేనట్టు కాదని ఒక పేజీ రాశాను.

ఉత్తరం సగంలో ఉండగా బావమరిది వచ్చాడు. ఫోన్‌లో సంగతి చెప్పాను కాబట్టి మిల్లు వదిలిపెట్టి లాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. మిర్యాలగూడలో వాళ్ల రైస్ మిల్లు మా మామగారి కాలం నుంచీ ఉంది. బల్ల కింద కూర్చుని డిస్క్ తీగ ఊడదీస్తూనే మొదలుపెట్టాడు.

"గీ డబ్బను ఇంకా ఎందుకు పెట్టుకున్నవ్ బావ? కాలేజోళ్లు వద్దని తీసేసిండ్రు. వాళ్లేమన్న పిచ్చోళ్లా?"

"మీ అక్క ఇన్నేండ్లు నడిపింది."

"అక్క నిన్ను గూడ నడిపింది. ఇప్పుడు నడుస్తున్నవా నువ్వు?"

అనేసి నా ముఖం చూశాడు. కాసేపు తీగలతోనే మాట్లాడుకున్నాడు.

"ఆ సాఫ్ట్‌వేరోళ్లది తప్పు లేదు బావ," అన్నాడు తర్వాత. "నాన్న కాలంల వడ్లు పట్టే పాత హల్లర్ ఉండె. దాని సామాను దొరుకకపాయె. కంపెనోడు ఏమన్నడు? ఊరికొక్కటి గూడ లేదు, నీ ఒక్కని కోసం అచ్చు పోస్తనా అన్నడు. నాన్న మూడు రోజులు అన్నం తినలే. నాలుగోనాడు కొత్త మిషను తెచ్చిండు. ఖతం."

డిస్క్‌ను లాప్‌టాప్‌కు తగిలించాడు. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చేయమంటారా అని అందులో ఉంది.

"సూస్తివా. ఖాళీ."

"అంతా అందులోనే ఉండేది."

"ఉండేది. ఖరాబైంది. చిరిగిన సంచిల వడ్లుంటయా?"

"ఫార్మాట్ అంటే?"

"సాఫ్ చేసి మళ్ల మొదలువెట్టుడు. నా ఫోన్ల అక్క ఫొటోలున్నయి, పెండ్లిళ్లల్ల దిగినయి, జర మూతి ముడుసుకునే ఉంటది గని ఉన్నయి. అవి దీంట్ల ఎక్కిస్త. సంవత్సరీకం నాడు అందరం టీవీల సూస్తం."

సరే అన్నాను. అతను వేలు బటన్ మీద పెట్టి ఆగాడు.

"ఇయ్యాల ఏం వారం?"

"మంగళవారం."

"అయ్యో." వేలు తీసేశాడు. "మంగళవారం కొత్తది మొదలువెట్టొద్దు బావ. మిల్లుల బెల్టు గూడ మార్సను. లాప్‌టాప్ ఈడనే పెట్టిపోత. రేపు పొద్దుగాల పదింటికి ఫోన్ చేస్త. ఎస్ అని ఉంటది, నువ్వే నొక్కు."

వారాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. నా భార్యకూ లేదు. ఈ విషయంలో వాళ్ల ఇంటివాళ్లను చూసి మేమిద్దరం చాలాసార్లు నవ్వుకున్నాం. ఆ మంగళవారం సంగతి తలుచుకుంటే ఇప్పుడు ఏమనుకోవాలో నాకు తెలియదు.

అతను వెళ్లాక లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పెట్టెనే మళ్లీ మళ్లీ చదివాను. డిస్క్ ఖాళీగా ఉంటే ఖాళీ అని చెప్పాలి కదా. అందులో ఏముందో చెప్పకుండా, ముందు తుడిచేద్దామా అని ఎందుకు అడుగుతోంది? నాకు చదవడం రాని భాషలో పుస్తకం వస్తే ఇది తెల్లకాగితాల కట్ట అని నేను రాయను. ఆ ఆలోచన సరైనదో కాదో తెలియలేదు. కానీ గోడ మీద క్యాలెండర్‌లో ఒక ఫోన్ నంబరు ఉంది. నా భార్య దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి దినాల్లో పదో రోజున వచ్చి రాసింది. కోదాడలో కంప్యూటర్లు రిపేరు చేసే షాపు ఆమెది. "మేడమ్ కంప్యూటర్ ఏమన్న అయితే నాకే చెప్పండి సార్, వేరేటోళ్లను ముట్టనియ్యకండి" అని వెళ్లింది. అప్పుడు నేను ఆ మాట పట్టించుకునే స్థితిలో లేను.

బుధవారం పొద్దున్నే డిస్క్‌నూ కంప్యూటర్‌నూ ఒక సంచిలో పెట్టుకుని కోదాడ బస్సెక్కాను. సంచి ఒళ్లో పెట్టుకుంటే పక్కనున్న ఆవిడ, "ఏవండీ, అది కింద పెట్టుకోవచ్చుగా" అంది. పెట్టలేదు. మునగాల దగ్గర ఫోన్ మోగింది.

"బావ, నొక్కినవా?"

"బస్సుల ఉన్న."

"బస్సుల నొక్కుతవా?"

"కోదాడకు పోతున్న. ఒకరికి చూపించి నొక్కుతా."

"ఎవలు సూసినా ఖాళీ ఖాళీనే బావ," అన్నాడు. అతని గొంతులో నమ్మకం ఉంది. నాకు భయం వేసింది.

షాపు మెయిన్ రోడ్డు మీద ఉంది. ఆ అమ్మాయికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. నడిగూడెం దగ్గర తండా వాళ్లది. నేను వెళ్లేసరికి ఫోన్‌లో వాళ్ల అమ్మతో లంబాడీలో మాట్లాడుతోంది. నన్ను చూసి పెట్టేసింది. జరిగిందంతా చెప్పాను. ఫార్మాట్ అనగానే కుర్చీలోంచి లేచింది.

"నొక్కిన్రా సార్?"

"లేదు. మంగళవారమని."

"ఏంది?"

"మంగళవారం కొత్త పని చెయ్యరు వాళ్లు."

ఆమె నవ్వాలో వద్దో తెలియనట్టు చూసింది. డిస్క్‌ను తన మెషీన్‌కు తగిలించింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పేర్లు వరుసగా వచ్చాయి. నాన్న, మిల్లు. అమ్మ, పచ్చిపులుసు. అవి నా భార్య పెట్టిన పేర్లు.

"డిస్క్ మంచిగనే ఉంది సార్. మేడమ్ దీన్ని లైనక్స్ పద్ధతిల పెట్టింది. విండోస్‌కు ఆ పద్ధతి తెల్వది. తెల్వదని చెప్పకుండ ఫార్మాట్ చెయ్యమంటది. చానమంది నొక్కి ఏడ్సుకుంట వస్తరు."

మొదటి దాని మీద రెండుసార్లు నొక్కింది. మామగారు మిల్లు గుమ్మంలో వడ్ల రాశి ముందు కూర్చుని ఉన్నారు. గుప్పెడు వడ్లు తీసి రెండు అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, బియ్యం చూస్తున్నారు. వెనక నుంచి నా భార్య అడిగింది: "పచ్చిగున్నయని ఎట్ల తెలుస్తది నాన్నా?"

"పంటి కింద పెట్టు. టక్కుమనాలె."

గింజ నలిగిన చిన్న చప్పుడు.

"టక్కుమన్నదా?"

"లేదు," అని ఆమె నవ్వింది.

"అయితే ఇంకా ఎండాలె."

షాపు అమ్మాయి తెర వైపు చూడకుండా బల్ల మీది స్క్రూలు డబ్బాలో వేసింది. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

తర్వాత నా ఉత్తరం సంగతి చెప్పాను. మీ మేడమ్ తరఫున రాస్తున్నానని, లైనక్స్‌ను వదిలేయడం అన్యాయమని. ఆమె టీ తెప్పించింది. తాగాక అంది.

"సార్, మేడమ్‌కు ఇది ముందే తెలుసు. ఆపేస్తున్నరని పోయినేడే నాకు చెప్పింది. నేను మీలెక్కనే కోపం చేసిన. మేడమ్ ఏమన్నదంటే, వాళ్లు ఊరికెనే చేసి ఇస్తున్నరు, ఎన్నిటికని చేస్తరు, వాళ్లది తప్పు లేదు, మనమే మారాలె అన్నది."

"ఆమె అలా అందా?"

"అట్లనే అన్నది. లైనక్స్ మీద నడిచే వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి మారుస్తున్న అన్నది. ఇగో, సగం మార్చింది. ఇక్కడ సూడండి." చూశాను. నాకేమీ అర్థం కాలేదు. "మీకు చెప్పొద్దన్నది."

"ఎందుకు?"

ఆమె కొంచెం ఇబ్బంది పడింది. "సార్‌కు రెండు బటన్లు నేర్పనీకె ఆర్నెల్లు పట్టింది, మొత్తం మార్చినంక అవే రెండు బటన్లు పనిచేసేటట్టు చేస్త, ఆయనకు మారిందని గూడ తెల్వదు అన్నది."

ఉర్దూ పేపరు విషయంలో నన్ను నిలదీసిన మనిషి, తన విషయంలో అవతలివాళ్ల పక్షాన ఉంది. రెండూ ఒకే మనిషి ఎలా అనగలిగిందో అడగడానికి ఆమె లేదు. బహుశా పేపరు ఆపడం తప్పని ఆమె అనలేదేమో. లేరని రాయడమే తప్పందేమో. ఇన్నేళ్లూ నేను ఆ మాటను సరిగ్గా విన్నానో లేదో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

"నీకేమనిపిస్తుంది?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"నాకేమనిపిస్తది సార్. మా భాషకు లిపి లేదు. ఫోన్‌ల కీబోర్డు లేదు. మా అమ్మకు మెసేజ్ పెట్టాలంటే మా మాటలు తెలుగుల రాస్త. ఎవరి మీద కోపం చెయ్యాలె? ఉన్నదాంట్ల రాస్కుంటం." టీ గ్లాసులు తీస్తూ, "కోపమైతే ఉంటది," అంది.

తర్వాత ఆమె అసలు విషయానికి వచ్చింది. రెండు దారులున్నాయంది. అన్నీ విండోస్ చదవగలిగే కొత్త డిస్క్‌లోకి ఎక్కించి ఈ కంప్యూటర్‌ను పక్కన పడేయడం ఒకటి. మేడమ్ సగంలో వదిలింది పూర్తిచేయడం రెండోది.

"మొదటిది మంచిదా?"

"మొదటిది సులువు సార్. మీ బామ్మర్ది గూడ చూసుకోవచ్చు."

"రెండోది?"

"రెండోది మేడమ్ చేస్తున్నది."

షాపుకు ఇద్దరు వచ్చి వెళ్లారు. చివరికి, వీడియోలు కొత్త డిస్క్‌లోకి కూడా ఎక్కించమని, కంప్యూటర్‌లో మాత్రం ఆమె ఎంతవరకు చేసిందో అక్కడి నుంచి చేయమని చెప్పాను. అది నిర్ణయమో, నిర్ణయించుకోలేకపోవడమో నాకు తెలియదు.

"ఆ రెండో సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా రేపు లైనక్స్ ఆపేస్తే?"

"అప్పుడు మళ్ల రండి సార్. షాపుంటే చేస్త."

నాలుగు రోజుల తర్వాత వెళ్లి తెచ్చుకున్నాను. ఇంట్లో తగిలించి ఎర్ర చుక్క నొక్కాను. వరుసలు వచ్చాయి. బొమ్మల రంగులు వేరుగా ఉన్నాయి, అక్షరాలు కొంచెం పెద్దవి. మారిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె అనుకున్నట్టు తెలియకుండా ఉండేది కాదు. లేక ఆమె ఉండి మార్చి ఉంటే నేను గమనించేవాణ్ణి కాదేమో.

ఉత్తరం తీసి "నా భార్య తరఫున" అన్నది కొట్టేశాను. దాని స్థానంలో నా తరఫున అని రాయబోయాను. రాస్తే ఏమడగాలో తేలలేదు. లైనక్స్‌కు చెయ్యండి అని అడగడానికి ఆమె మాట అడ్డం వస్తోంది. చెయ్యకపోయినా ఫర్వాలేదు అనడానికి ఆ దర్జీ ముసలాయన అడ్డం వస్తున్నాడు. ఉత్తరం పంపలేదు. చింపలేదు కూడా.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక బావమరిది టీవీ ముందు కూర్చున్నాడు. ఖాళీ అన్నందుకు అప్పటికే నాలుగుసార్లు చెంపలు వేసుకున్నాడు. నేను ఎర్ర చుక్క నొక్కి, తెర మీద మిల్లు వీడియో దగ్గరికి జరిగి, తెల్ల చుక్క నొక్కాను. మామగారు వడ్లు నలిపారు. ఆమె అడిగింది. గింజ నలిగింది. ఆమె "లేదు" అని నవ్వింది.

"అరే," అన్నాడు బావమరిది. "ఆ గింజ కొరికింది నేను బావ."

"మీ అక్క కాదా?"

"అక్క చేతిల కెమెరా ఉండె గద. నేను పక్కన నిలబడ్డ. నాన్న పెట్టు అంటే నేను పెట్టిన నోట్లె. లేదు అన్నది అక్క."

"కొరికింది నువ్వైతే లేదని ఆమె ఎలా చెబుతుంది?"

"ఇనవడ్డది గద పక్కకుంటే." ఆలోచించాడు. "నేనే అనుకుంటున్న. లేకుంటే అక్కనా? ఆ దినం నేను మిల్లుకు వచ్చిన్నా?" అతని ముఖంలో ఇందాకటి నమ్మకం లేదు. ముందుకు జరిగి తెరకు దగ్గరగా కూర్చున్నాడు.

"మళ్ల పెట్టు బావ. జర సప్పుడు పెంచు."

సౌండు పెంచే బటన్ ఏదో నాకు తెలియదు. దాని మీద చుక్క లేదు. తెల్ల చుక్కే మళ్లీ నొక్కాను.